నిమ్మకాయల షెడ్డుకు కళ్ళ మిషన్

ఆ రోజు పొద్దున పరమేష్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కళ్ళ పరీక్ష చేసే అమ్మాయి మహబూబ్‌నగర్ నుంచి వస్తుంది. ఆమెను షెడ్డులో కూర్చోబెట్టి, ఫ్యాను తిప్పి, చాయ్ ఇప్పించి, కాయలు ఏరే ఆడవాళ్ళను ఒక్కొక్కరినే ఆమె ముందుకు పంపాలి. తన వంతు వచ్చే వేళకు మాత్రం తాను సంచులు తేవడానికని నల్లగొండ బస్సెక్కి ఉండాలి.

"సంచులు మొన్ననే వచ్చినయి గదా" అంది భార్య రమ, ఇస్త్రీ చేసిన చొక్కా అందిస్తూ. పరమేష్‌కు చొక్కాలు కొనేదీ, ఏ ప్యాంటు మీదికి ఏది వేసుకోవాలో చెప్పేదీ ఆమే.

"వచ్చినయని సేటుకు ఎరుకలేదు."

"ఎన్నొద్దులు దాస్తవ్? పుట్టుకతోని వచ్చినదాయె. నువ్వేమన్న దొంగతనం చేసినవా? పోయి సేటుకు చెప్పరాదు."

"చెప్తే నౌకరీ ఉంటదా? బిడ్డ వర్షిత చదువెట్ల సాగుతది? నువ్వు జర సప్పుడు చెయ్యకు" అని పరమేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటపడ్డాడు. తొందరలో ఒక గుండీ తప్పింది. అది సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదు.

రమకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదని అతను నమ్ముతున్న రహస్యం చిన్నదే. అతనికి ఆకుపచ్చకూ పసుపుపచ్చకూ తేడా తెలియదు. చిన్నప్పుడు అది అతన్ని పెద్దగా బాధించలేదు. రెండింటి పేర్లలోనూ పచ్చ ఉంది కాబట్టి రెండూ ఒకటే అయి ఉంటాయని, భాష కూడా తన పక్షానే ఉందని అనుకునేవాడు. తీరా పెద్దయ్యాక దేవుడు అతనికి ఇచ్చిన ఉద్యోగం, నకిరేకల్ హైవే పక్కన నిమ్మకాయల షెడ్డులో సూపర్‌వైజరు పని. పచ్చికాయ ఒక కుప్ప, పండుకాయ ఒక కుప్ప, దోరకాయ ఒక కుప్ప. ఆ మూడు కుప్పలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఊ అనడమే అతని పని.

మూటలు మోసే హమాలీగా చేరి, నమ్మకస్తుడన్న పేరుతో పైకి వచ్చినవాడు. సూపర్‌వైజరు చెయ్యమన్నప్పుడు వద్దనడానికి కారణం చెప్పాలి. ఆ కారణం చెప్పలేక సరేనన్నాడు. అప్పటి నుంచి కాయను వేళ్ళతో ఒత్తి, తోలు నున్నగా ఉందా గరుకుగా ఉందా అని తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, గంభీరంగా తల ఊపుతూ నెట్టుకొస్తున్నాడు. చూసేవాళ్ళకు అది గొప్ప అనుభవంలా కనిపించేది.

అంతా సాఫీగా నడుస్తుంటే, కిందటి నెల హైదరాబాదు పోయిన లోడు తిరిగొచ్చింది. పండుకాయ అని పంపినదాంట్లో సగం దోరకాయ కలిసిందని కొన్నవాడు వీడియో తీసి మరీ పంపాడు. షెడ్డు యజమాని కృష్ణకాంత్ సేటు ఆ వీడియోను ఫోను ఇంత దూరం పెట్టుకుని, అంత దూరం పెట్టుకుని చూసి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు.

"ఇగ నా షెడ్డుల కండ్లు మంచిగున్నోళ్ళే ఉండాలె. మిషన్ పిలిపిస్త. అందర్ని పరీక్ష పెట్టిస్త."

ఆ మిషన్ ఇప్పుడు వచ్చింది. తెచ్చిన అమ్మాయి పేరు రూప. సన్నగా, చురుగ్గా, భుజాన సంచితో ఉంది. సంచిలోంచి ఆమె తీసింది కళ్ళకు కట్టుకునే ఒక నల్లడబ్బా, చేతిలో ఇమిడే చిన్న కెమెరా, పలకంత తెర.

"గింతేనా మిషన్?" అన్నాడు సేటు కొంచెం నిరాశగా. ఆయన లారీలో వస్తుందనుకున్నాడు.

"గింతనే సార్. మొదలు ఇసొంటియి పెద్ద దవాఖానల్లనే ఉండె. ఇప్పుడు పనిచేసే జాగాకే తీసుకపోతున్నం. బట్టలు కుట్టేటోళ్ళకు దగ్గరి చూపు కావాలె, బండి నడిపేటోళ్ళకు దూరం చూపు కావాలె, మీ షెడ్డుల రంగులు తెల్వాలె. ఒక్క మిషనే, ఎవల పనికి తగ్గట్టు వాళ్ళకు మారుస్తం. పొద్దుగాల మీ కాడ, మధ్యాహ్నం పక్కన కౌసల్య మేడం కుట్టు సెంటర్ల, సాయంత్రం సాల్మన్ సార్ స్కూల్ బస్సు డ్రైవర్లకు."

"లోపలేమన్న రోగముంటే?"

"గీ కెమెరాతోని కంటి లోపలంతా ఫోటో వస్తది సార్. దీని ముందర ఎవలూ ఏమీ దాచలేరు."

పరమేష్ చాయ్ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాడు. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది.

"అయితే సూపర్‌వైజర్‌తోనే షురూ చెయ్యమ్మా" అన్నాడు సేటు. "వాణ్ణి చూస్తే ఆడోళ్ళకు ధైర్యమొస్తది."

నల్లగొండ బస్సు పరమేష్ కళ్ళముందే వెళ్ళిపోయినట్టయింది. ఇంక దిక్కుతోచక, "ఒక్క నిమిషం సేటూ, ఆడోళ్ళు బుగులుపడుతున్నరు, జర సముదాయించి వస్త" అని కాయల కుప్పల వైపు నడిచాడు. నడిచే ఆ నాలుగడుగుల్లో అతనికొక ఆలోచన వచ్చింది. ఆడవాళ్ళంతా ఒక్కమాటగా పరీక్ష వద్దంటే క్యాంపే రద్దవుతుంది. తాను వద్దన్నట్టు ఉండదు. కొంచెం భయపెడితే చాలు.

రామమ్మ, బిక్షమ్మ, అండాలు, మిగతా ఆడవాళ్ళు కుప్పల చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. పరమేష్ వంగి గొంతు తగ్గించాడు.

"గా మిషన్ మామూలుది కాదట. కండ్లకు పెడితే లోపలున్నదంతా బయటపడుతదట. ఎవలూ ఏమీ దాచలేరట. గా పిల్లనే చెప్పింది. మీ ఇష్టం మరి, ఒద్దంటె ఒద్దనున్రి."

రోగాల గురించి భయపడతారని అతని ఉద్దేశం. కాని లోపలున్నదంతా అనగానే రామమ్మ చెయ్యి పక్కనున్న టిఫిన్ డబ్బా మీదికి పోయింది. బిక్షమ్మ మొహం వాడిపోయింది. అందరికన్నా పెద్దదైన అండాలు మాత్రం చేతిలోని కాయను కళ్ళకు దూరంగా పెట్టి చూస్తూ, "నీకేమన్న బుగులున్నదా తమ్మీ?" అని అడిగింది.

"నాకేం బుగులు అక్కా?" అని పరమేష్ నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు.

అతను వెనక్కి తిరిగేలోపే రామమ్మ లేచి సేటు దగ్గరికి పరుగెత్తింది. మిషన్ చెప్పడం కన్నా తానే చెప్పడం మర్యాద అనుకుంది కాబోలు.

"సేటూ, తప్పయింది. రోజు టిఫిన్ డబ్బల నాలుగైదు కాయలు ఏసుకపోతున్న. తొక్కు పెడుతున్న."

సేటు కళ్ళు పెద్దవి చేశాడు. "నా షెడ్డు కాయలతోని తొక్కు పెట్టుకుంటున్నవా?"

"మీ ఇంటికి కూడ ఇస్తున్న గద సేటూ. అమ్మగారు మస్తుగుంది అంటరు."

ఆ పచ్చడి కోసమే సేటు రెండు ముద్దలు ఎక్కువ తింటాడని షెడ్డంతటికీ తెలుసు. ఆయన తేరుకునేలోపే బిక్షమ్మ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మా అత్త సచ్చిపోలేదు సేటూ."

"ఏ అత్త?"

"ఒక్కతే అత్త. చెల్లె పెండ్లికి సెలవు దొరకదని ఒకసారి, జాతరకని ఒకసారి సచ్చిపోయిందని చెప్పిన. మంచిగనే ఉన్నది. పొద్దుగాల జొన్నరొట్టె తిని పొలానికి పోయింది."

"ఓసినీ! రెండుసార్లు లైట్లు బంద్ చేసి మౌనం పాటించిన గదనే!" అన్నాడు సేటు. "రెండోసారి నా కండ్లల్ల నీళ్ళు సుత వచ్చినయి."

రూపకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఆమె తన నల్లడబ్బాను తుడుచుకుంటూ కూర్చుంది. పరమేష్ మాత్రం స్తంభానికి ఆనుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. క్యాంపు ఆగింది. అంతవరకు బాగానే ఉంది. కాని ఒకసారి కదిలిన మాట షెడ్డులోనే కూర్చుంటుందా?

పక్క ఆవరణలో కౌసల్య కుట్టు సెంటరు ఉంది. స్కూలు యూనిఫారాలన్నీ అక్కడే తయారవుతాయి. నీళ్ళకోసం వచ్చిన కుట్టుపని అమ్మాయి ఒకతె ఈ మాట విని వెళ్ళింది. కాసేపటికి కౌసల్యే స్వయంగా రొప్పుకుంటూ వచ్చింది, మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది.

"ఏం మిషనయ్యా గిది? మా పిల్లలంత కుట్టుడు బంద్ పెట్టి ఏడుస్తున్నరు. ఒక్కతె వచ్చి, మేడం నువ్వంటే నాకు ఇష్టం లేదు అని చెప్పింది. మిషన్ చెప్పేకంటె నేనే చెప్తున్న అంటది. నేనేం పాపం చేసిన?" అని, కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "సేటూ, స్కూలు చొక్కల జేబులు జర చిన్నగ కుడుతున్న. గుడ్డ మిగులుతదని. గీ ముచ్చట సాల్మన్ సార్‌కు మీరే చెప్పున్రి, నాకు మొహం చెల్లదు" అంది.

ఇంతలో రామమ్మ మరొక ఘనకార్యం చేసింది. ఆమె భర్త జంగయ్య సాల్మన్ సార్ స్కూలులో బస్సు డ్రైవరు. మొగుడి మీద ప్రేమ కొద్దీ ఫోను చేసింది. "ఏమయ్యా, సాయంత్రం గా మిషన్ మీ కాడికే వస్తదట. లోపల దాసినయన్నీ చెప్తదట. నువ్వేమన్న దాసినవా?"

అవతల బస్సు ఇంజను ఆగింది. తర్వాత జంగయ్య, "టీవీ డిష్ ఖరాబు కాలేదే. సీరియళ్ళు చూడలేక నేనే వైరు పీకిన" అని ఫోను పెట్టేశాడు. భార్యతో ఆ మాట చెప్పాక ఇంక ఆ చుట్టుపక్కల ఉండడం క్షేమం కాదనుకున్నాడు. ఒంటరిగా పోకుండా, మిగతా డ్రైవర్లకు కూడా ప్రమాదం గురించి చెప్పి మరీ పోయాడు. దాచుకోవడానికి ఏమీ లేని డ్రైవరు ఆ స్కూల్లో ఒక్కడూ లేడని అప్పుడు తేలింది.

సాయంత్రం బడి విడిచే గంట కొట్టారు. బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు లేరు.

ప్రిన్సిపాల్ సాల్మన్ సార్ నిదానస్తుడు, కాని నిదానంగానే చాలా దూరం పోగల మనిషి. ఆయన కేకలు వెయ్యలేదు. పిల్లలను రెండు వరసల్లో నిలబెట్టి, సంచులు భుజాలకు తగిలించి, వీధి వెంట నడిపించుకుంటూ నేరుగా నిమ్మకాయల షెడ్డుకు తీసుకొచ్చాడు. షెడ్డు గేటు ముందు ఆగి సేటుకు నమస్కారం పెట్టాడు.

"కృష్ణకాంత్ గారూ, మీ షెడ్డుల పుట్టిన మాటకు నా డ్రైవర్లు పరారైన్రు. వాళ్ళు దొరికేదాక గీ పిల్లలు మీ చుట్టాలు. మంచినీళ్ళు ఇప్పియ్యున్రి. పెద్దోళ్ళకు ఫోన్లు నేను చేసుకుంట."

నీళ్ళిస్తే సరిపోతుందా? నిమ్మకాయల షెడ్డుకు వచ్చి పిల్లలు ఉత్త నీళ్ళు తాగుతారా? ఆడవాళ్ళు బిందెలు దింపారు, చక్కెర తెప్పించారు, సాయంత్రం లోడుకని ఏరిపెట్టిన పండుకాయను కోసి పిండడం మొదలుపెట్టారు. చూస్తుండగానే ఒక కుప్ప కరిగిపోయింది. బయట లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. లోపల పిల్లలు రెండో గ్లాసు అడుగుతున్నారు. సేటు రెండు చేతులతో తల పట్టుకుని ఒక సంచి మీద కూలబడ్డాడు.

"అసలు గీ మాట ఎవడు పుట్టిచ్చిండు?" అన్నాడు నీరసంగా.

ఆడవాళ్ళు తలలు వంచుకుని కాయలు పిండుతూనే ఉన్నారు. ఒక్కరి చూపూ పరమేష్ వైపు పోలేదు. వాళ్ళలా తనను కాపాడుతుంటే పరమేష్‌కు నిలబడ్డచోట నిలబడబుద్ధి కాలేదు.

"డ్రైవర్లను నేను పట్టుకొస్త సేటూ" అని బండి తీశాడు.

డ్రైవర్లు పెద్ద దూరమేం పోలేదు. హైవే మీద లారీలు తూకం వేసే కాంటా వెనక నీడలో, ఖాకీ చొక్కాలు విప్పి సంచుల్లో కుక్కుకుని, బాటసారుల్లా కనిపించడానికి ప్రయత్నిస్తూ కూర్చున్నారు. పరమేష్ బండి ఆపి చేతులు జోడించాడు.

"రాన్రి అన్నా. పిల్లలు ఎదురుచూస్తున్నరు. గా మిషన్ గట్లాంటిది కాదు. ఉత్త కండ్లే చూస్తది. మనసుల ఉన్నయి చూడదు."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు జంగయ్య. "నువ్వు పెట్టుకున్నవా?"

"లే."

"మరి?"

పరమేష్ ఏం చెప్పినా ఇంకొక అబద్ధమే అవుతుంది. పొద్దుటి నుంచీ ఒక అబద్ధం ఎంత పని చేసిందో చూశాడు.

"నువ్వు పెట్టుకో. అందరి ముందర" అన్నాడు జంగయ్య. "నీ గుట్టేం బయటపడకుంటే మేమూ పెట్టుకుంటం. బండ్లు తీస్తం."

పొద్దున ఏ పరీక్ష తప్పించుకోవాలని అతను ఇదంతా చేశాడో, ఆ పరీక్షకు అతను ఇప్పుడు డ్రైవర్లను వెంటేసుకుని, దారిపొడవునా బతిమాలుకుంటూ, తన బండి మీద తానే బయల్దేరాడు.

షెడ్డులో అప్పటికి రూప ఒక మంచి ఆలోచన చేసింది. మిషన్‌లో రహస్యాలేమీ ఉండవని అందరికీ తెలియాలని, లోపల కనిపించే బొమ్మ ఆఫీసు గదిలోని పెద్ద టీవీ మీద పడేటట్టు కలిపింది. టీవీని షెడ్డు నడుమ బల్ల మీద పెట్టారు. దాని ముందు పిల్లలు, వాళ్ళ వెనక ఏరే ఆడవాళ్ళు, కుట్టు సెంటరు అమ్మాయిలు, గేటు దగ్గర పారిపోవడానికి వీలుగా డ్రైవర్లు. పరమేష్‌కు స్టూలు వేశారు. గుండీ తప్పిందని అప్పుడు రామమ్మ చెప్పింది.

దూరం చూపు బాగుంది. దగ్గరి చూపు బాగుంది. "చూసినవా, ఏం చెప్పలే మిషన్" అని ఒక డ్రైవరు ఇంకొక డ్రైవరుతో అన్నాడు. టీవీ మీద రంగుచుక్కల చక్రం వచ్చింది.

"అన్నా, గీ చుక్కలల్ల ఏం అంకె కనబడుతున్నది?" అంది రూప.

"పన్నెండు" అన్నాడు పరమేష్. నిజంగానే కనిపించింది! ఛాతీ ఒక్కసారిగా పొంగింది. ఇన్నేళ్ళూ ఉత్తపుణ్యానికి భయపడ్డానా అనుకున్నాడు. అది అందరికీ కనిపించే అంకె అని, పరీక్ష అర్థమైందో లేదో చూడటానికి పెడతారని అతనికి తెలియదు.

"ఇప్పుడు?"

"చుక్కలు."

"చుక్కలల్ల ఏమున్నది?"

"చుక్కలే."

"నలభై ఐదు!" అని పిల్లలంతా ఒక్కగొంతుతో అరిచారు. అంకె టీవీ మీద అంత స్పష్టంగా ఉంది. పరమేష్ హాస్యమాడుతున్నాడనుకుని అందరూ ఘొల్లున నవ్వారు. రూప ఇంకొకటి పెట్టింది. మళ్ళీ చుక్కలే. ఇంకొకటి. చుక్కలు. నవ్వులు పలచబడ్డాయి. పిల్లలు కూడా అరవడం మానేశారు.

పరమేష్ నల్లడబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెలుతురుకు కళ్ళు చికిలించి, నేల చూస్తూ మాట్లాడాడు.

"సేటూ, నాకు ఆకుపచ్చకు పసుపుకు ఫరక్ తెల్వది. పుట్టినప్పటి సంది గంతే. చెప్తే నౌకరీ పోతదని చెప్పలే. ఇయ్యాల గీ మిషన్ల దొరికిపోతనని నేనే ఆడోళ్ళకు లేనిపోనిది చెప్పిన. నా వల్లనే పిల్లలు ఇండ్లకు పోకుంట కూసున్నరు. లోడు తిరిగొచ్చింది సుత నా వల్లనే అయితది. ఇగ మీ ఇష్టం."

అప్పుడు అండాలు పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

"గిది మాకు ఎప్పటి సందో ఎరుక తమ్మీ" అంది.

పరమేష్ తలెత్తాడు.

"నువ్వు సూపర్‌వైజర్ అయిన వారంలనే పచ్చికాయ కుప్ప ముందర నిలబడి, అబ్బ మంచిగ పండినయి అన్నవు. ఆ రోజే మాట్లాడుకున్నం. నువ్వు వచ్చేటప్పటికి అన్ని మేమే సరిచూసి పెట్టాలె, నీకు తెల్వనియ్యొద్దు అని."

"ఎందుకక్కా?" అన్నాడు పరమేష్.

"ఎందుకంటే? ముందటి సూపర్‌వైజర్‌కు రంగులన్ని కనబడేటియి. మేమే కనబడకపోయేది. నువ్వొచ్చినంక ఫ్యాన్లు పెట్టిచ్చినవు. కడుపుతోని ఉన్నోళ్ళకు బరువు లేని పని ఇచ్చినవు. బిక్షమ్మ అత్త సచ్చిపోయిందంటే రెండోసారి సుత సెలవిచ్చినవు."

"రెండోసారి నాకు అనుమానమొచ్చింది అక్కా" అన్నాడు పరమేష్, కళ్ళు తుడుచుకుంటూ.

"వచ్చినా ఇచ్చినవు గదా" అంది బిక్షమ్మ.

ఇన్నేళ్ళుగా తానొక్కడే మోస్తున్నాననుకున్న బరువును ఇంతమంది పట్టుకుని నడిచారని తెలిసేసరికి పరమేష్ లేచి నిలబడి అందరికీ దండం పెట్టాడు. చిన్నపిల్లలకు కూడా పెట్టాడు. వాళ్ళూ తిరిగి పెట్టారు.

సేటు గడ్డం గోక్కున్నాడు. "గదంతా సరే. మరి మీరు అంత మంచిగ ఏరితే లోడు ఎందుకు తిరిగొచ్చింది?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచీ ఉన్నవన్నీ ఒప్పుకున్నా, ఈ ఒక్కటి మాత్రం ఎవరూ నోటికి తేలేదు. గేటు దగ్గరి నుంచి జంగయ్య, "అందరం పెట్టుకుంటున్నం, సేటు పెట్టుకోడా?" అన్నాడు.

"నాకేంది?" అని సేటు మీసం దువ్వి స్టూలు మీద కూర్చున్నాడు. "నా చూపుకు ఏం తక్కువలేదు. ఏమన్న అంటే ఇప్పుడిప్పుడు లోకం ఇంకా ముద్దుగ కనబడుతున్నది."

నల్లడబ్బా కట్టారు. చుక్కల్లో అంకెలు ఆయనకూ సరిగ్గా దొరకలేదు. అక్షరాల దగ్గర తడబడ్డాడు. రూప కెమెరాతో కంటి లోపలి ఫోటో తీసింది. టీవీ మీద అది మంచు పట్టిన అద్దంలా మసకగా వచ్చింది. రెండో కన్నూ అంతే. ఆమె నెమ్మదిగా అడిగింది.

"సార్, మీకు అన్ని జర పసుపుపచ్చగ కనబడుతున్నయా?"

"అవ్. ఈ ఏడు కాత అంత మంచిగున్నది. చెట్టు మీదనే పండుతున్నయి."

"కాత కాదు సార్. మీ రెండు కండ్లల్ల శుక్లాలు ముదురుతున్నయి. వాటి రంగు మీకు అన్నిటి మీద పడుతున్నది. ఇంకొన్నొద్దులు ఊకుంటే చూపే కష్టమయ్యేది. డాక్టర్ దగ్గర చూపెట్టుకోన్రి, ఆపరేషన్‌తోని మంచిగయితది, ఫికర్ లేదు."

అప్పుడు అండాలు నోరు విప్పింది. "గా లోడు రోజు నువ్వే వచ్చినవు సేటూ. గీ దోరకాయ ఎందుకు పక్కకు పెట్టిన్రు, పసుపుగ మెరుస్తున్నయి గదా, కలపున్రి అని మొత్తుకున్నవు. ఒద్దంటే తిట్టినవు. పరమేషును అడిగితే, ఆయన సుత అవ్ సేటూ, మంచిగ పండినయి అన్నడు."

సేటు కొడుకులాంటి పరమేష్ వైపు చూశాడు. పరమేష్ ఆయన వైపు చూశాడు. ముందు నవ్వింది సేటే.

"వీడు గడబిడ చెయ్యకుంటే నేను గా డబ్బాల తల పెట్టేటోణ్ణే కాదు గదరా" అన్నాడు. "పనోళ్ళకే పరీక్ష అనుకున్న. నాకు పెట్టుకోవాలన్న సోయి లేకపాయె. పరమేషూ, నువ్వు ఏడికి పోతవు? తూకం, లారీలు, మనుషులు నువ్వే చూస్కో. రంగుల మాట అండాలక్క చెప్పిందే మాట. నేను చెప్పినా వినొద్దు."

అండాలుకు కూడా దగ్గరి చూపు తగ్గిందని తేలింది, అద్దాలు రాశారు. జంగయ్యకు దూరం చూపు బాగా తక్కువని తేలినప్పుడు సాల్మన్ సార్ మొహం తెల్లబడింది. పిల్లలను ఆ రోజు చూపు బాగున్న డ్రైవర్లే రెండు విడతలుగా ఇళ్ళకు చేర్చారు. జంగయ్య అద్దాలు వచ్చేదాకా స్టీరింగు ముట్టనని సార్‌కు మాటిచ్చాడు. పోతూ పోతూ సాల్మన్ సార్ తన మీదికి కోపంగా వస్తాడనుకుని పరమేష్ ఒదిగి నిలబడితే, ఆయన భుజం తట్టి, "నువ్వు చేసింది తప్పే. కాని ఇయ్యాల గిట్ల కాకుంటే ముందుముందు ఏమయ్యేదో. ప్రభువుకు స్తోత్రం" అన్నాడు. కౌసల్య ఆ అదను చూసుకుని జేబుల సంగతి చెప్పేసింది. ఆయన ఆ ఊపులో దాన్ని కూడా క్షమించాడు.

ఇంటికి వెళ్ళి పరమేష్ జరిగిందంతా రమకు చెప్పాడు. మరునాడు పొద్దున్నే ఆమె పప్పు, పూరీలు చేసి, గిన్నె నెత్తిన పెట్టుకుని తానే షెడ్డుకు వచ్చింది. అండాలు రెండు చేతులనూ పట్టుకుని, "నా మొగుణ్ణి ఇన్నేండ్లు కాపాడుకొచ్చిన్రు" అంది. కొత్త అద్దాలు ఇంకా రాలేదు కాబట్టి, రమ మొహం సరిగ్గా చూడటానికి అండాలు కొంచెం వెనక్కి జరిగి నవ్వింది.

సేటుకు ఒకదాని వెనక ఒకటి రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. అద్దాలు పెట్టుకుని, పరమేష్ చెయ్యి పట్టుకుని మొదటిసారి షెడ్డుకు వచ్చిన రోజు ఆయన కుప్పలను చూశాడు, ఆకాశాన్ని చూశాడు, ఏరే ఆడవాళ్ళ మొహాలను ఒక్కొక్కటిగా చూసి పలకరించాడు. తర్వాత కిందటేడు రంగు వేయించిన షెడ్డు గోడల మీద చూపు పడి, ఉన్నచోటనే నిలబడిపోయాడు.

"ఏందిరా గీ రంగు? చూస్తెనే కండ్లు గుంజుతున్నయి. గింత ఘోరమైన రంగు ఎవడు ఎంచిండు?"

ఏరే ఆడవాళ్ళు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రంగు ఎంచడానికి పెయింటు దుకాణానికి వెళ్ళింది సేటూ, పరమేషూ ఇద్దరే.